రూపు తర్వాతే రంగు: ప్రదర్శన పుంజుల పెంపకంలో తెలుసుకోవలసిన సంగతులు

ధనుర్మాసం ప్రవేశించిందంటే గోదావరి, కృష్ణా జిల్లాల పల్లెల్లో పుంజును కొనవచ్చినవారు మొట్టమొదట అడిగే ప్రశ్న ‘ఏ రంగు?’ అన్నదే. డేగకు ఒక ధర, కాకికి ఒక ధర, నెమలికి మరొక ధర పలుకుతుంది. పుంజు నిలబడిన తీరు, భుజాల వెడల్పు, కాళ్ల నిటారుతనం, కంటి తెలుపు అన్నీ ఆ తర్వాతి మాటలే. రాయలసీమ, ప్రకాశం ప్రాంతాలలో చిలుకముక్కు పుంజులను కేవలం అందం కోసమే పెంచేవారి సంఖ్య పెరుగుతున్న ఈ రోజుల్లో కూడా కొత్తగా పెంపకంలో దిగినవారిలో అధికులు రంగును చూసే జతలు కడుతున్నారు. మూడు నాలుగు తరాలు గడిచేసరికి రంగు నిలుస్తున్నది గాని జాతి రూపు చేజారిపోతున్నది. పోయిన రంగును రెండు మూడు తరాలలో తిరిగి తెచ్చుకోవచ్చు. పోయిన రూపును తెచ్చుకోవాలంటే పదేళ్లు పట్టవచ్చు. ఒక్కొక్కప్పుడు అది అసలే సాధ్యం కాకపోవచ్చు. అందుచేత ప్రదర్శన కోసం కోళ్లను పెంచేవారు రూపు అంటే ఏమిటి, రంగు ఎలా సంక్రమిస్తుంది, ఈ రెండింటినీ కలిపి ఎలా నిలబెట్టుకోవాలి అన్న విషయాలను ముందుగా తెలుసుకోవడం అవసరం.

రంగుపై మోజు ఎందుకు?

తెలుగునాట పుంజు రంగుకు ఇంత ప్రాధాన్యం రావడానికి ప్రధాన కారణం కుక్కుట శాస్త్రం. ఏ వారం, ఏ తిథి, ఏ నక్షత్రంలో ఏ రంగు పుంజు మరే రంగు పుంజుపై గెలుస్తుందో చెప్పే ఈ పంచాంగ సంప్రదాయాన్ని పందేల రాయుళ్లు తరతరాలుగా నమ్ముతూ వచ్చారు. ఆ నమ్మకంతోపాటే రంగులకు పేర్ల సంపద కూడా ఏర్పడింది. నల్లని ఈకలున్నది కాకి, తెల్లనిది సేతు, ఎర్రనిది డేగ, రెక్కలమీద, వీపుమీద పసుపు ఈకలున్నది నెమలి, మెడపై నల్లని ఈకలున్నది సవల, మెడపై నలుపు, తెలుపు సమంగా ఉన్నది పర్ల, నలుపు, ఎరుపు, పసుపు మూడూ కలిసినది కౌజు, ఎరుపులో బూడిద కలిసినది మైల, ఒక్కొక్క ఈకలోనే నలుపు, తెలుపు, ఎరుపు కనిపించేది పూల, ముంగిస జూలును పోలినది ముంగిస. ఊరు మారితే ఒకే పేరుకు అర్థం కొంత మారడమూ కద్దు. ఉత్తరాదిన ఈ జాతికే పీలా, యాకుబ్, నూరీ, కగర్, చిట్టా, టీకర్, రెజా వంటి పేర్లున్నాయి.

ఈ పేర్లన్నీ ఒకే జాతిలోని రంగులను తెలిపేవే తప్ప వేర్వేరు జాతులు కావు. ఆ జాతి పేరు అసిల్. మనం నిత్యం వాడే ‘అసలు’ అన్న మాటకూ ఈ పేరుకూ మూలం ఒకే అరబీ ధాతువు. కల్తీ లేనిది, మేలిజాతిది అని దాని భావం. పేరులోనే ఉన్న ఈ షరతును పెంపకందారు మరచిపోరాదు. డేగ రంగులో పుట్టిన ప్రతి పుంజూ అసిల్ కాదు. అసిల్ రూపు ఉన్న పుంజు ఏ రంగులో ఉన్నా అసిలే.

బ్రిటిష్ కోళ్ల ప్రమాణాలలోనూ అసిల్‌కు ఒక నిర్ణీత రంగంటూ లేదు. అక్కడి న్యాయనిర్ణేతలు ప్రధానంగా చూసేది శరీర నిర్మాణాన్ని, నిలుచునే తీరును, ఈకల బిగువును.

పందెం నుంచి ప్రదర్శనకు

కోళ్లను అందం కోసం పోటీకి పెట్టే పద్ధతికి పుట్టినిల్లు ఇంగ్లండు. అక్కడ 1835లో జంతుహింస నిరోధక చట్టంతో కోడిపందేలు నిషిద్ధమయ్యాయి. పుంజులను పెంచే అలవాటున్నవారు తమ అభిరుచిని క్రమంగా ప్రదర్శనలవైపు మళ్లించారు. 1845లో లండన్ జంతు ప్రదర్శనశాలలో కోళ్ల ప్రదర్శన జరిగింది. ఏ జాతి ఎలా ఉండాలో వివరించే ప్రమాణ గ్రంథం 1865లో అక్కడే వెలువడింది. అమెరికాలో 1873లో ఏర్పడిన పౌల్ట్రీ సంఘం మరుసటి సంవత్సరమే తన ప్రమాణాలను ప్రచురించింది. ఆ సంఘం అసిల్‌ను గుర్తించింది మాత్రం చాలా ఆలస్యంగా, 1981లో.

ఈ చరిత్రలో మనవారు గమనించదగిన హెచ్చరిక ఒకటున్నది. ప్రదర్శనల్లో బహుమతుల కోసం ఇంగ్లండులోని పోరుజాతి కోళ్లను పొడవు కాళ్లు, పొడవు మెడ, చిన్న తోక కోసమే ఏరుతూ పోగా కొన్ని దశాబ్దాలలోనే అవి పాత జాతితో పోలిక లేని మరో కోడిగా మారాయి. పాత రూపును ఇష్టపడినవారు 19వ శతాబ్ది చివర విడిపోయి, పాత జాతి కోసం వేరే సంఘం పెట్టుకోవలసి వచ్చింది. పందెం వదిలినంత మాత్రాన జాతి రక్షింపబడదని, ప్రదర్శనలో ఏ లక్షణానికి మార్కులు వేస్తే జాతి ఆ వైపే ఒరిగిపోతుందని ఈ అనుభవం తెలుపుతున్నది.

మన దేశంలో చిలుకముక్కు, పొడవు తోక గల అసిల్ రకాన్ని ప్రదర్శన కోసం పెంచడం తమిళనాడులోని దిండుక్కల్ ప్రాంతంలోనూ, సరిహద్దు తెలుగు జిల్లాలలోనూ వ్యాపించింది. ముక్కు వంపు, కంటి తెలుపు, ముఖం, మెడ, ఎత్తు, కాళ్లు, తోక పొడవు, రంగు చూసి మార్కులు వేస్తారు. ముక్కు వంపునకే పెద్దపీట వేస్తూ పోతే ప్రమాదం ఉన్నది. పైముక్కు కిందిముక్కును దాటి మరీ వంగిపోతే పుంజు గింజను ఏరుకోలేదు; ఈకలను దువ్వుకోలేదు; పేలు పడతాయి. వంపు ఎంత ఉన్నా రెండు ముక్కులూ సరిగా కలవాలన్నది పెంపకందారు పెట్టుకోవలసిన మొదటి హద్దు.

రూపు అంటే ఏమిటి?

రూపు అనేది దూరం నుంచి నీడను చూసినా ఇది ఫలానా జాతి అని గుర్తుపట్టగల ఆకారం. అసిల్‌లో అది ఇలా ఉండాలి: శరీరం నిటారుగా నిలవాలి. భుజాలు విశాలంగా ఉండి వెనుకకు పోనుపోను సన్నబడాలి. పైనుంచి చూస్తే కోడిగుడ్డును పెద్దకొన ముందుకు పెట్టినట్లు కనిపించాలి. మెడ పొడవుగా, కండ పట్టి ఉండాలి. ముక్కు పొట్టిగా, లావుగా, బలంగా ఉండాలి. కన్ను ముత్యపు ఛాయలో తెల్లగా ఉండాలి. గొంతు కింద వేలాడే తోలు దాదాపు ఉండరాదు. తురాయి మూడు వరుసల చిన్న బుడిపెలతో తలకు అంటుకొని ఉండాలి. దీన్నే బఠాణీ తురాయి అంటారు. ఈకలు పొట్టిగా, గట్టిగా, ఒంటికి అతుక్కొని ఉండాలి. రొమ్ము ఎముక మీద ఎర్రని చర్మం కనిపించడం ఈ జాతికి లోపం కాదు. మామూలు అసిల్‌లో తోక కిందికి వాలి ఉంటుంది. చిలుకముక్కు రకంలో మాత్రం పొడవాటి తోకనే అందంగా భావిస్తారు.

రూపును పరిశీలించడానికి కంటితో చూడటం చాలదు. పుంజును చేతిలోకి తీసుకోవాలి. రొమ్ము ఎముక వంకర పోయిందేమో వేలితో తడిమి చూడాలి. రెండు తొడలు సమంగా ఉన్నాయా, వేళ్లు తిన్నగా ఉన్నాయా, వెన్ను ఒక పక్కకు ఒరిగిందా, రెక్క విప్పితే ఈకల మధ్య ఖాళీ ఉన్నదా అన్నవి పరీక్షించాలి. గింజ చల్లి అది నడిచే తీరు, తొందరపాటు లేకుండా నిలబడే తీరు గమనించాలి. ఈ పరీక్షలో నెగ్గిన పుంజులలోనే రంగును చూడాలి. గోడ నిలబడిన తర్వాతే సున్నం వేస్తాం. ఇక్కడా అదే వరస.

రంగు ఎలా సంక్రమిస్తుంది?

జంతువులలో వంశపారంపర్య సూత్రాలు మొక్కలలో మాదిరే పనిచేస్తాయని 1902లో ఇంగ్లండు శాస్త్రజ్ఞుడు విలియం బేట్సన్ నిరూపించినది కోళ్ల తురాయిలను పరిశీలించే. ఆ సూత్రాలు తెలిస్తే పెరటి పెంపకందారుకు గుడ్డినమ్మకాల అవసరం తగ్గుతుంది.

మొదటి సూత్రం దాగి ఉండే గుణాలకు సంబంధించినది. తెలుపు రెండు రకాలు. ఒక రకం దాగి ఉంటుంది. తల్లి, తండ్రి ఇద్దరూ రంగు పక్షులే అయినా ఇద్దరిలోనూ ఆ తెలుపు దాగి ఉంటే పిల్లల్లో సగటున నాలుగింట ఒకటి సేతుగా పుడుతుంది. రెండో రకం పైకి వచ్చే తెలుపు. ఫారాలలో పెంచే తెల్ల లెగ్‌హార్న్‌లో ఉండేది ప్రధానంగా ఇదే. ఆ కోడి రక్తం ఒక్కసారి కలిసినా మొదటి తరంలోనే పిల్లలు తెల్లగా తేలతాయి. అందుచేత మందలో ఉన్నట్టుండి తెల్లపిల్ల పుడితే కంగారుపడి తల్లిని అమ్మివేయడం సరికాదు. ఏ రకం తెలుపో జతలను పరిశీలించి నిర్ణయించుకోవాలి.

రెండో సూత్రం సగం సగం కనిపించే గుణాలది. ఐరోపాలోని అండలూసియన్ కోడి నీలిబూడిద రంగు ఇందుకు ప్రసిద్ధ ఉదాహరణ. ఆ రంగు పుంజును అదే రంగు పెట్టతో కలిపితే పిల్లలన్నీ ఆ రంగులో రావు. సగటున నాలుగింట ఒకటి నల్లనిది, రెండు నీలిబూడిదవి, ఒకటి చుక్కలున్న మురికి తెలుపుది పుడుతుంది. నల్లనిదాన్ని, ఆ చుక్కల తెలుపుదాన్ని కలిపితే మాత్రం పిల్లలన్నీ నీలిబూడిదవే. మన మైల పుంజులలోని బూడిద ఛాయ ఇదే రకందా కాదా అన్నది పిల్లల లెక్క వేసి చూస్తేనే తేలుతుంది. ఆ లెక్క వేయకుండా ‘మైలకు మైల కడితే మైలే’ అనుకోవడం ఆశాభంగానికి దారి తీస్తుంది.

మూడో సూత్రం పుంజు, పెట్టల తేడాకు సంబంధించినది. పక్షులలో లింగాన్ని నిర్ణయించే జెడ్ క్రోమోజోములు పుంజుకు రెండు, పెట్టకు ఒకటే ఉంటాయి. మెడ ఈకలలో బంగారు ఛాయ రావాలా, వెండి ఛాయ రావాలా అన్నది ఈ క్రోమోజోము మీదే ఆధారపడుతుంది. పెట్ట తన ఏకైక జెడ్‌ను కొడుకులకే ఇస్తుంది, కూతుళ్లకు ఇవ్వదు. అందువల్ల బంగారు ఛాయ పుంజును వెండి ఛాయ పెట్టతో కలిపితే కొడుకులు వెండి ఛాయలో, కూతుళ్లు బంగారు ఛాయలో వస్తాయి. ఆ కొడుకులలో బంగారం దాగి ఉంటుంది గనుక వాటి వెండి మీద తరచు పసుపు జీర కనిపిస్తుంది. ‘పుంజు మంచిదైతే చాలు, పెట్ట ఏదైనా ఫరవాలేదు’ అన్న మాట ఎంత తప్పో దీన్నిబట్టి తెలుస్తున్నది. కొడుకు రంగులో తల్లికి సమాన భాగం ఉన్నది.

ఇంకొక విషయం కూడా గమనించాలి. నల్లరొమ్ము ఎర్రపుంజుకు సరిజోడు ఎర్రపెట్ట కానక్కరలేదు. అసిల్‌లో ఆ రంగు పుంజు అక్కచెల్లెళ్లు తరచు గోధుమ రంగులో ఉంటాయి. తెలియనివారు ఆ గోధుమ పెట్టలను రంగు లేనివిగా తీసివేసి, నలుపో ఎరుపో ఎక్కువగా ఉన్న బయటి పెట్టలను తెచ్చి కలుపుతారు. దాంతో కొడుకుల రొమ్ము మీద ఎర్రమచ్చలు, రెక్కల మీద మసక చేరుతాయి. మంచి పుంజును ఇచ్చిన పెట్ట ఏ రంగులో ఉన్నదో అదే ఆ వంశానికి సరైన పెట్ట రంగు.

దాగిన కల్తీని బయటపెట్టే తురాయి

బఠాణీ తురాయి అసిల్ పెంపకందారుకు మంచి సాక్షి. రంపపు పళ్ల వంటి ఒంటి తురాయి గల నాటుకోడినో ఫారం కోడినో అసిల్‌తో కలిపితే మొదటి తరం పిల్లలకు బఠాణీ తురాయే వస్తుంది. కొంచెం ఎత్తుగా, ఒద్దిక లేకుండా ఉండవచ్చు. సంతలో వాటిని అసిల్‌గానే అమ్ముతారు. అలాంటి రెండింటిని జత కడితే పిల్లల్లో సగటున నాలుగింట ఒకదానికి ఒంటి తురాయి బయటపడుతుంది.

కొన్న పుంజుపై అనుమానం ఉంటే దాన్ని ఒంటి తురాయి గల పెట్టలతో కలిపి పరీక్షించవచ్చు. పుంజులో ఒంటి తురాయి గుణం దాగి ఉంటే పిల్లల్లో సుమారు సగానికి అదే వస్తుంది. ఏడు పిల్లలు పుట్టి ఏడింటికీ బఠాణీ తురాయే ఉంటే, ఆ పుంజు విషయంలో నూటికి తొంభైతొమ్మిది పాళ్లు నిశ్చింతగా ఉండవచ్చు. ఈ పరీక్ష పిల్లలను మాత్రం మందలో కలపరాదు.

ఈ జాగ్రత్త ఇప్పుడు మరింత అవసరం. బరువు కోసం, వేగం కోసం పెరూ వంటి దేశాల పుంజులతో అసిల్‌ను సంకరం చేయడం కోస్తా జిల్లాలలో పెరిగిపోయింది. ఆ పిల్లలు రంగులో డేగలే, కాకులే. రూపులో మాత్రం అవి అసిల్ కావు. రంగు చూసి కొనేవారు ఉన్నంతకాలం ఈ కల్తీ కంటికి ఆనదు.

జతలు, మంద లెక్క

జాతి నిలవాలంటే ఒక్క మంచి పుంజు సరిపోదు. ఒకే పుంజు, ఐదు పెట్టలతో బయటి రక్తం లేకుండా మంద నడిపితే తరానికి సుమారు 15 శాతం చొప్పున రక్తసంబంధం పెరుగుతుంది. అన్నాచెల్లెళ్లను జత కడితే ఒక్క తరంలోనే అది 25 శాతం. దీని ఫలితం మొదట రూపులో కనిపించదు. గుడ్లు తగ్గుతాయి, పొదిగినవాటిలో పిల్లలు తక్కువగా వస్తాయి, వచ్చిన పిల్లలు నిలవవు. అసిల్ పెట్ట పెట్టే గుడ్లే తక్కువ గనుక ఈ నష్టం త్వరగా మందనే అంతం చేస్తుంది. అదే నాలుగు పుంజులు, ఇరవై పెట్టలు ఉంటే తరానికి రక్తసంబంధం 4 శాతం లోపే పెరుగుతుంది.

ఇందుకు తేలికైన పద్ధతి నాలుగు గుంపుల పద్ధతి. ఒక్కొక్క గుంపులో ఒక పుంజు, నాలుగైదు పెట్టలు ఉంచాలి. కూతుళ్లు ఎప్పుడూ తల్లి గుంపులోనే ఉండాలి. మొదటి గుంపు కొడుకును రెండో గుంపుకు, రెండో గుంపు కొడుకును మూడో గుంపుకు, మూడోదాన్ని నాలుగుకు, నాలుగోదాన్ని మొదటికి మార్చాలి. ఒక్కరికి నాలుగు గుంపులను పోషించే స్తోమత లేకపోతే ఒకే ఊరిలోని నలుగురు రైతులు తలొక గుంపు పెంచుకొని పుంజులను మార్చుకోవచ్చు.

జత కట్టేటప్పుడు ఒకే లోపం ఉన్న రెండింటిని ఎన్నడూ కలపరాదు. పుంజు కంట్లో ఎరుపు ఉంటే పెట్ట కన్ను ముత్యంలా ఉండాలి. పుంజు భుజం ఇరుకైతే పెట్ట భుజం విశాలంగా ఉండాలి. శరీర బరువు, ఎముక నిర్మాణం వంటివి తల్లిదండ్రుల నుంచి బాగానే సంక్రమిస్తాయి గనుక ఓపికగా ఏరితే ఫలితం కనిపిస్తుంది.

పుంజును మార్చిన వెంటనే గుడ్లు పొదగవేయరాదు. పాత పుంజు వీర్యం పెట్ట శరీరంలో రెండు మూడు వారాల వరకు పనిచేస్తుంది. కనీసం మూడు వారాలు ఆగిన తర్వాతి గుడ్లనే పొదిగించాలి. ఈ ఒక్క నియమం పాటించక తండ్రి ఎవరో తెలియని పిల్లలను పెంచినవారు ఎందరో ఉన్నారు.

రాతపుస్తకం ఉండాలి

ప్రతి పిల్లకూ పుట్టినప్పుడే వేళ్ల మధ్య పొరకు గుర్తు పెట్టడమో, పెరిగిన తర్వాత కాలికి అంకె ఉన్న కడియం వేయడమో చేయాలి. పుస్తకంలో తల్లి, తండ్రి, పుట్టిన తేదీ, పిల్లప్పటి రంగు, ఆరు నెలల బరువు, లోపాలు రాయాలి. రాయని పెంపకంలో జ్ఞాపకమే ఆధారం. ఆ జ్ఞాపకంలో గెలిచిన పుంజే మిగులుతుంది. దాని వంకర వేళ్ల తమ్ముళ్లు మరుగున పడతాయి. నిజానికి ఒక పుంజు విలువ దాని తోబుట్టువులను చూస్తే తెలుస్తుంది. పదింట ఒకటి అద్భుతంగా, తొమ్మిది నాసిగా ఉన్న వంశం కంటే పదింట ఏడు చక్కగా ఉన్న వంశం నుంచి వచ్చిన సాధారణ పుంజే పెంపకానికి మేలు.

ఏరివేత ఎప్పుడు?

ఏరివేతలో తొందర, ఆలస్యం రెండూ నష్టమే. గుడ్డు నుంచి వచ్చిన రోజే వంకర ముక్కు, వంకర వేళ్లు, మూయని బొడ్డు ఉన్న పిల్లలను వేరు చేయాలి. తురాయి రకం, కాళ్ల రంగు రెండు నెలలకు తేలుతాయి. రంగును మాత్రం పిల్లప్పుడు నిర్ణయించరాదు. నల్లజాతి పిల్లకు పొట్ట కింద తెల్లని నూగు ఉంటుంది; పెద్ద ఈకలు వచ్చేసరికి అది నల్లబడుతుంది. పిల్లదశ ఈకలు రాలి పెద్ద ఈకలు వచ్చిన తర్వాతే అసలు రంగు తెలుస్తుంది.

అసిల్ నెమ్మదిగా ఎదిగే జాతి. ఆరు నెలలకు ఎముక నిర్మాణం కనిపిస్తుంది గాని భుజాలు నిండటానికి, మెడ కండ పట్టడానికి ఏడాది దాటుతుంది. ఆరు నెలల వయసులో సన్నగా, ఎత్తుగా ఉన్న పుంజును ‘బాగా లేద’ని అమ్మివేసి, తొందరగా నిండిన తమ్ముడిని ఉంచుకోవడం సాధారణంగా జరిగే పొరపాటు. తొందరగా నిండటం ఒక్కొక్కసారి సంకరానికి సూచన.

పోషణ, ఆరోగ్యం, ప్రదర్శన

జాతి ఎంత గొప్పదైనా పిల్లప్పుడు మేత చాలకపోతే రూపు రాదు. మొదటి రెండు నెలలు మాంసకృత్తులు ఎక్కువగా ఉన్న పిల్లల దాణా ఇచ్చి, తర్వాత సజ్జలు, చోళ్లు, జొన్నలు, ఆకుకూరలు కలపవచ్చు. కొడుకులు చిన్నతనం నుంచే తన్నుకుంటాయి గనుక వేర్వేరుగా ఉంచాలి. పొట్టి తాటితో రోజంతా కట్టివేస్తే కాళ్లు, తోక దెబ్బతింటాయి. విశాలమైన గూళ్లు మేలు. తెల్లని ఈకలు ఎండకు పసుపెక్కుతాయి గనుక సేతు, పర్ల పక్షులకు నీడ ఉండాలి.

కొక్కెర తెగులుకు మొదటి వారంలో ఒకసారి, రెండు నెలల వయసులో మరొకసారి టీకా వేయించాలి. మశూచి టీకానూ మరువరాదు. 2024 ఫిబ్రవరిలో నెల్లూరు జిల్లాలో, 2025 ఫిబ్రవరిలో తూర్పు, పశ్చిమ గోదావరి జిల్లాలలో బర్డ్ ఫ్లూ బయటపడిన సంగతి తెలిసిందే. కొత్తగా కొన్న పక్షినీ, ప్రదర్శన నుంచి తిరిగివచ్చిన పక్షినీ మూడు నాలుగు వారాలు వేరుగా ఉంచకుండా మందలో కలిపితే పదేళ్ల శ్రమ పది రోజుల్లో తుడిచిపెట్టుకుపోవచ్చు.

ప్రదర్శనకు రెండు మూడు వారాల ముందు నుంచే పుంజును బోనులో నిలబడటానికి, కొత్త మనుషుల చేతికి అలవాటు చేయాలి. రెండు రోజుల ముందు గోరువెచ్చని నీటితో, మెత్తని సబ్బుతో కడిగి బాగా ఆరబెట్టాలి. కాళ్ల పొలుసుల మధ్య మురికి తీసి కొద్దిగా కొబ్బరినూనె రాయాలి. ఈకలకు రంగు వేయడం, సరిపడని ఈకలు పీకివేయడం మోసం. ప్రదర్శనలో గెలిచినా ఆ గెలుపు పిల్లలకు సంక్రమించదు.

పోతే రానిది

హర్యానాలోని కర్నాల్‌లో ఉన్న జాతీయ పశు జన్యు వనరుల సంస్థ నమోదు చేసిన కోడి జాతులలో ఆంధ్రప్రదేశ్‌కు చెందినవిగా అసిల్, ఘాగస్, కాలస్తి ఉన్నాయి. హైదరాబాద్ రాజేంద్రనగర్‌లోని కోళ్ల పరిశోధన సంస్థ అసిల్, ఘాగస్ మందలను సంరక్షిస్తున్నది. నేడు ప్రపంచమంతా తినే బ్రాయిలర్ కోడికి తండ్రి వైపు మూలమైన కార్నిష్ జాతి 19వ శతాబ్దిలో ఇంగ్లండులో రూపొందినది అసిల్ రక్తంతోనే. ఆ విశాలమైన రొమ్ము మన పెరటి పుంజు నుంచే వెళ్లింది. అలాంటి జాతిని కాపాడేది పరిశోధన సంస్థ ఒక్కటే కాదు. వివిధ ప్రాంతాలలో తరాలుగా నిలిచిన వంశాలు పల్లెల్లోని పెంపకందారుల చేతుల్లోనే ఉన్నాయి.

1960 నాటి జంతుహింస నిరోధక చట్టం, 1974 నాటి రాష్ట్ర గేమింగ్ చట్టం ప్రకారం పందేలు నేరం. 2016 డిసెంబరులో ఉమ్మడి హైకోర్టు కూడా వాటిని అడ్డుకోవాలని ఆదేశించింది. కత్తి కట్టిన పందెంలో గెలిచిన పుంజు కూడా తరచు మళ్లీ జతకు పనికిరాదు. ఎన్నో మేలి పుంజులు పిల్లలను ఇవ్వకుండానే బరిలో ముగుస్తున్నాయి. ప్రదర్శన పుంజు ఇంటికి తిరిగివస్తుంది, నాలుగైదేళ్లు సంతతినిస్తుంది. జాతి దృష్టితో చూస్తే ఈ తేడాయే ముఖ్యం.

గుర్తుంచుకోవలసినవి

* కొనేటప్పుడు రంగు కంటే ముందు తల్లిదండ్రులను, తోబుట్టువులను చూడాలి.
* ఒకే లోపం ఉన్న పుంజు, పెట్టలను జత కట్టరాదు.
* పుంజును మార్చాక మూడు వారాలు ఆగి గుడ్లు పొదగవేయాలి.
* అన్నాచెల్లెళ్ల జతలు మానుకోవాలి. నాలుగు గుంపుల పద్ధతి పాటించాలి.
* పిల్లదశ ఈకలను చూసి రంగును, ఆరు నెలల పుంజును చూసి రూపును తేల్చివేయరాదు.
* కొత్త పక్షిని, ప్రదర్శన నుంచి వచ్చిన పక్షిని మూడు నాలుగు వారాలు వేరుగా ఉంచాలి.
* టీకాల కోసం సమీప పశువైద్యశాలను సంప్రదించాలి.